పదింటి రూల్ యాడినుంచి వచ్చింది? గొట్టం మైకు నుంచి పక్కింటి ఊఫర్ దాకా

ముహూర్తాలు మొదలైతే చాలు తిరుపతిలో ఏదో ఒక వీధిలో ఈ గొడవ లేస్తాది. "టైం పదయింది, సౌండ్ ఆపండబ్బా" అని ఒకరు, "మా ఇంట్లో మేం పెట్టుకుంటే నీకేం స్వామీ" అని ఇంకొకరు. ఇద్దరూ రూల్ తెలిసినట్టే మాట్లాడతారు గానీ ఆ పది అనేది ఎప్పుడొచ్చింది, దేన్ని ఆపడానికి వచ్చింది అంటే చెప్పేవాళ్ళు తక్కువ. నాకూ తెలీదు, మా పైమిద్దెలో అద్దెకొచ్చిన పిల్లోళ్ళు హోమ్ థియేటర్ కొనేదాకా.

మన పక్క సౌండ్ అనేది కొత్తదేం కాదు. గంగ జాతర అంటే ముందు చాటింపు, తర్వాత వారమంతా పలకలు, వేషాలు. చిత్తూరు పల్లెల్లో అయితే ఎండాకాలం భారతం పెడితే పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రయితే తెల్లారేదాకా వీధినాటకం. మైకులు రాకముందు ఆ నాటకం వాళ్ళు గొంతు చించుకుని పద్యం పాడితే వెనక కూర్చున్నోడికి వినపడితే గొప్ప. తర్వాత గొట్టం మైకు వచ్చింది, చింతచెట్టుకో టెంకాయ చెట్టుకో కట్టేవాళ్ళు, పెండ్లిలో పెట్టిన రికార్డు పక్కూరికి కూడా వినపడేది, పక్కూరోళ్ళు ఆ పాట విని "ఓహో ఫలానా వాళ్ళింట్లో పెండ్లి" అనుకునేవాళ్ళు. దానికి ఎవరూ కంప్లైంట్ పెట్టింది నాకు గుర్తులేదు. ఎందుకంటే ఆ సౌండ్ ఊరిది, నిద్ర పట్టనోడు కూడా దుప్పటి కప్పుకుని పోయి అక్కడే కూర్చునేవాడు, పైగా ఫలానా రోజుకి అయిపోతాదని అందరికీ తెలుసు.

చట్టం సంగతికొస్తే, చాలాకాలం సౌండ్‌కి ప్రత్యేకంగా పెద్దగా ఏం లేదు. తిరుపతి, చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1860లో వచ్చిన ఐపీసీలో పబ్లిక్ న్యూసెన్స్ అని ఒకటుంది, దానికి 290 సెక్షన్ కింద జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. అప్పట్లో 200 అంటే పెద్ద సొమ్మే, తమాషా ఏందంటే 2024 జూన్ ఆఖరు దాకా అదే 200. జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చాక 292 సెక్షన్ కింద వెయ్యి అయింది. డీజే వాడి ఒక్క రాత్రి బాడుగ ముందర ఇది ఏమూలకి.

1981లో గాలి కాలుష్యం చట్టం వస్తే అందులో కూడా మొదట శబ్దం లేదు, 1987లో సవరణ చేసి శబ్దాన్ని కూడా కాలుష్యంలో కలిపినారు. మధ్యలో 1986లో పర్యావరణ రక్షణ చట్టం వచ్చింది. అయినా వీధిలో మైకు మైకే.

అసలు మలుపు 1998లో, అది చదివితే కడుపులో దేవినట్టయితాది. పదమూడేళ్ళ పాప మీద అత్యాచారం జరిగింది, పాప అరిచినా చుట్టుపక్కల లౌడ్‌స్పీకర్‌లో పాటల హోరుకి ఎవరికీ వినపళ్ళేదు, అదే సాయంత్రం ఆ పాప ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ వార్త చూసి అనిల్ మిట్టల్ అనే ఇంజనీరు సుప్రీంకోర్టుకి పోయినాడు. ఆ కేసు నడుస్తుండగానే 2000 ఫిబ్రవరి 14న కేంద్రం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. మనం అందరం అనే "పదింటి రూల్" అదే. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దు, ఆడిటోరియం, కమ్యూనిటీ హాల్ లాంటి మూసిన చోట్లు తప్ప. పగలు పెట్టాలన్నా రాతపూర్వకంగా పర్మిషన్ కావాల. సౌండ్‌ని కొలిచే డెసిబెల్ లెక్కలో చెప్పాలంటే ఇండ్లుండే ఏరియాలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. అదే ఏడాది ఆగస్టులో చెన్నై మెజెస్టిక్ కాలనీ వాళ్ళకీ ఒక చర్చికీ నడిచిన కేసులో, పక్కోళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు అనేసింది. డ్రమ్ములు, యాంప్లిఫయర్లు పెట్టుకునే ఏ గుడికైనా మసీదుకైనా అదే మాట వర్తిస్తాది, ఇది చాలామంది తమకి కావాల్సినంత వరకే చదువుకుంటారు.

2002లో ఒక సందు తెరిచినారు, పండగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్రం పర్మిషన్ ఇవ్వచ్చని. మన వినాయక చవితి కమిటీలోళ్ళు చేతిలో పట్టుకుని చూపించేది ఇదే, ఆ 15 రోజులు ఏవో ప్రభుత్వం చెప్పాల, కమిటీ కాదు.

చూడండి, ఇంతవరకు అంతా మైకు చుట్టూనే తిరిగింది. గోడకి అవతల ఉన్నోడి సంగతి ఎవరూ ఎత్తలేదు. మిట్టల్ కేసులో 2005 జూలై 18న తీర్పొచ్చింది కదా, అందులో మొదటిసారి గట్టిగా చెప్పినారు, సొంత సౌండ్ సిస్టమ్ అయినా సరే, నీ ఇంటి హద్దు దగ్గర కొలిస్తే ఆ ఏరియా లెక్క కంటే 5 డెసిబెల్స్ మించకూడదని. 2010 జనవరిలో అది నియమాల్లోకే ఎక్కింది. "మా ఇంట్లో మేం" అనే మాటకి అక్కడితో కాలం చెల్లింది, ఆ వార్త మా పైమిద్దె దాకా చేరలేదు అంతే.

మాది కొర్లగుంటలో పాత ఇల్లు. పిల్లోళ్ళు ఊఫర్ పెట్టిన రోజు రాత్రి మాకు పాట వినపళ్ళేదు, మాటలు అర్థం కాలేదు, బీరువా తలుపు మాత్రం గుయ్యిమని వణికింది. స్టీల్ గ్లాసులో నీళ్ళు చూస్తే చిన్న చిన్న రింగులు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెడితే నలభై చిల్లర చూపించింది, అంటే రూల్ ప్రకారం ఏ తప్పూ లేదన్నమాట! తర్వాత తెలిసింది, ఆ కొలత ఏ-వెయిటింగ్ అనే పద్ధతిలో తీస్తారు, మనిషి చెవికి తగ్గట్టు దుం దుం అనే బేస్ మోతని బాగా తగ్గించి లెక్కేస్తాది, 63 హెర్ట్జ్ లాంటి లోతు మోత దగ్గర అయితే 26 డెసిబెల్స్ దాకా కోసేస్తాది. సన్న సౌండ్ గోడకి ఆగిపోతాది, దుం దుం అనేది మాత్రం శ్లాబు పట్టుకుని కిందికి దిగుతాది. గొట్టం మైకు కాలంలో ఈ బాధే లేదు, దాంట్లో బేస్ అనేదే రాదు కదా, కీచుమనేది. రూల్ రాసినోళ్ళ మనసులో ఉండింది ఆ గొట్టమే అని నాకు గట్టి అనుమానం.

ఒకసారి 100కి ఫోన్ చేసినాం. కానిస్టేబుల్ వచ్చేసరికి సౌండ్ లేదు, ఆయన పోయిన పావుగంటకి మళ్ళీ దుం దుం. మీటరు ఆయన దగ్గర లేదు, ఉన్నా మనవైపు చెప్పదు.

చివరికి ఎదురింటి పెద్దాయన, ఒకప్పుడు సౌండ్ సర్వీస్‌లో పనిచేసినాడంట, పైకి పోయి చూసినాడు. ఊఫర్ నేల మీద, గది మూలలో. "రేయ్ నాయనా, మూల నుంచి లాగి, కింద పాత పరుపు ముక్క వేసి పెట్టండిరా" అన్నాడు. లాగినారు. బీరువా ఊరుకుంది. శనివారాలు మాత్రం ఫ్రెండ్స్ వస్తే పరుపు వాళ్ళు కూర్చోడానికి తీసుకుంటారంట, ఆ రోజు మళ్ళీ మా గ్లాసులో రింగులే.