రేడియో పని చెవితో మొదలవుతుంది: కొత్తగా నేర్చుకునేవాళ్ల అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఒక కాలేజీ రేడియోలో పిల్లలకు పని నేర్పడం మొదలుపెట్టి పన్నెండేళ్లు అయింది. ఏటా జులైలో కొత్తవాళ్లు వస్తారు. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు కొందరు. పెరంబూరులోనో సైదాపేటలోనో పుట్టి పెరిగిన తెలుగిళ్ల పిల్లలు కొందరు. మొదటి రోజే ఎవరో ఒకరు పక్కకు వచ్చి మెల్లగా అడుగుతారు: "అక్కా, నా గొంతు రేడియోకి పనికొస్తుందా?" మంచి పట్టు ఉన్న పిల్లలు కూడా ఈ ఒక్క టెన్షన్‌తో రెండో వారానికల్లా రావడం మానేశారు. అది చూసి చూసి బాధ కలిగి ఇది రాస్తున్నాను.

అపోహ: రేడియోకి కంచు గొంతో, తేనెలాంటి గొంతో ఉండాలి.

వాస్తవం: మాట స్పష్టంగా తెలియాలి, చెప్పేవాళ్లకు చెప్పే విషయం మీద ఇష్టం ఉండాలి. అంతకుమించి గొంతుకు అర్హత పరీక్ష లేదు. సంగారెడ్డి జిల్లా మాచ్నూరులో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన సంఘాల్లోని దళిత మహిళలు దాన్ని నడుపుతున్నారు. విత్తనాలు, పంటలు, వంటలు, పాటలు, అన్నీ తమ ఊరి తెలుగులోనే. వాళ్ల గురించి చెప్పినప్పుడల్లా మా పిల్లల భుజాలు కాస్త కిందికి దిగుతాయి, ఊపిరి సర్దుకుంటుంది.

మొదటిసారి తమ రికార్డింగ్ విన్నప్పుడు దాదాపు అందరూ "ఇది నా గొంతేనా?" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. దానికి కారణం ఉంది. మనం మాట్లాడేటప్పుడు మన మాట మనకు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా చేరుతుంది. ఆ దారిలో వచ్చే ధ్వనికి బరువు ఎక్కువ. రికార్డింగులో అది ఉండదు, గాలిలోంచి వచ్చేదే ఉంటుంది. అంటే మిగతా లోకం మీ గొంతును ఇన్నేళ్లుగా వింటున్నది అలాగే. వాళ్లకు అందులో వింతేమీ లేదు.

గొంతులో నిజంగా దిద్దుకోవలసింది వేరే ఉంది. కొత్తవాళ్లు మైకు ముందు సభలో మాట్లాడినట్టు మాట్లాడతారు. రేడియో వినేది ఒక్కో మనిషి. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న ఒకామె, సవారీ కోసం ఎదురుచూస్తున్న ఒక ఆటో డ్రైవరు. ఆ ఒక్కరికి చెప్పండి. అందుకే మా దగ్గర "శ్రోతలందరికీ" అనే మాట కొట్టేసి "మీకు" అని రాయిస్తాను. ఇక రోజూ పది నిమిషాలు పేపరు పైకి చదవండి. ఒత్తులు, శ-ష-స తేడాలు నాలుకకు అలవాటైతే మూడు నెలల్లో మీకే తెలుస్తుంది.

అపోహ: ఖరీదైన మైకు, స్టూడియో లేకపోతే నేర్చుకోలేం.

వాస్తవం: ఒక అబ్బాయి ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, దాచుకున్న డబ్బంతా పెట్టి కండెన్సర్ మైకు కొనుక్కొచ్చాడు. హాస్టల్ గదిలో రికార్డు చేస్తే ఫ్యాను, ట్యూబ్‌లైటు గీమనే శబ్దం, వరండాలో నవ్వులు, పక్కింటి కుక్కర్ విజిల్ అన్నీ వచ్చాయి. మైకులో లోపం లేదు. ఆ రకం మైకు చిన్న చప్పుడును కూడా పట్టుకుంటుంది, అది దాని గుణం. మరుసటి రోజు అదే అబ్బాయి ఫ్యాను ఆపి, బట్టల బీరువా తలుపులు తెరిచి, వాటి మధ్య తల పెట్టి ఫోనులోనే చదివాడు. ఆ రికార్డింగునే ప్రసారం చేశాం. బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి, ఖాళీ గోడలు తిప్పికొడతాయి. దుప్పటి కప్పుకుని చదివినా సరే.

మైకు ధర కంటే దాని దూరం ముఖ్యం. నోటికి బెత్తెడు దూరం నుంచి జానెడు లోపల ఉంచండి. దూరం రెట్టింపైతే మీ గొంతు మైకు దగ్గర 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలోని రొద మాత్రం అంతే ఉంటుంది. మరీ దగ్గరైతే ప, ఫ, బ, భ పలికినప్పుడు గాలి కొట్టి ధబ్‌మంటుంది. మైకును పెదవులకు నేరుగా కాకుండా కాస్త పక్కకు తిప్పితే అది పోతుంది. ధ్వని ఎంత గట్టిగా రికార్డవుతోందో చూపే లెవెల్ మీటరు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఆడేలా చూసుకోండి. తక్కువగా రికార్డయినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలిపోయిన ధ్వనిని తిరిగి అతికించలేం.

మెరీనాలో రికార్డు చేయాలని ప్రతి బ్యాచ్‌కీ ఆశ. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది, మైకుకు ఫోమ్ తొడుగు లేకపోతే మాటలేవీ మిగలవు. తెల్లవారుజామునే వెళ్లండి, గాలికి వీపు పెట్టి నిలబడండి. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోకుండా ఎక్కడా రికార్డు బటన్ నొక్కవద్దు. ఎడిటింగుకు ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ చాలు. ఫైలును ధ్వని నాణ్యత తగ్గించని వేవ్ (WAV) రూపంలో దాచండి, మోనోలో నిమిషానికి సుమారు 5 ఎంబీ పడుతుంది.

అపోహ: ఆర్‌జేలు అప్పటికప్పుడు మాట్లాడేస్తారు, స్క్రిప్టు రాయడం పాతకాలపు పని.

వాస్తవం: అలవోకగా వినిపించే మాట వెనక చాలాసార్లు రాసుకున్న కాగితం ఉంటుంది, కనీసం పాయింట్లయినా ఉంటాయి. నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. చెవికి రాయడం కంటికి రాయడం లాంటిది కాదు. పేపర్లో అర్థం కాని వాక్యాన్ని వెనక్కి వెళ్లి చదువుకుంటాం. రేడియోలో వెనక్కి వెళ్లడం ఉండదు. "పైన చెప్పినట్టు", "కింది పట్టికలో" లాంటి మాటలకు అక్కడ అర్థమే లేదు.

తెలుగుతో ఇంకో చిక్కుంది. మన క్రియ వాక్యం చివర్లో వస్తుంది. మా పిల్లలు మొదట్లో ఇలా రాస్తారు: "వారం రోజులుగా నీళ్లు రావడం లేదని ఎన్నిసార్లు ఫిర్యాదు చేసినా పట్టించుకోని అధికారుల తీరుపై ఆగ్రహించిన హాస్టల్ విద్యార్థులు నిన్న సాయంత్రం నిరసన తెలిపారు." ఎవరు ఏం చేశారో తెలిసేసరికి వినేవాళ్లు మొదటి సగం మర్చిపోతారు. దాన్ని విరగ్గొట్టాలి: "హాస్టల్లో వారం రోజులుగా నీళ్లు లేవు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. నిన్న సాయంత్రం విద్యార్థులు రోడ్డెక్కారు." విషయం అదే. ఇది మాత్రం బస్సు రొదలో కూడా చెవికి ఎక్కుతుంది.

అంకెలూ అంతే. కాగితం మీద 4,87,650 బాగానే ఉంటుంది. చెవికి "ఐదు లక్షలకు కాస్త తక్కువ" అంటే చాలు. ఒక వాక్యంలో రెండు అంకెలు పెట్టవద్దు. నిడివి లెక్కకు నేను వాడే కొలత నిమిషానికి దాదాపు వంద తెలుగు మాటలు. ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల్లోని లెక్క మనకు సరిపోదు. "వెళ్లిపోతున్నారనుకున్నాం" మనకు ఒక్క మాట. రాసినదాన్ని పైకి చదువుతూ గడియారం చూసుకోండి. ఊపిరి ఎక్కడ అందకపోతే అక్కడ వాక్యం విరగాలి.

అపోహ: ఎడిటింగ్ అంటే తప్పులు తీసేయడం.

వాస్తవం: సైదాపేటలో అడయారు ఏటి దగ్గర ఉండే ఒక తెలుగు అవ్వతో మా విద్యార్థిని మాట్లాడింది. 2015 డిసెంబరు వరద గురించి. "వెళ్ళం వచ్చిన రాత్రి..." అని మొదలుపెట్టింది అవ్వ. వెళ్ళం అంటే తమిళంలో వరద. రికార్డింగ్ తెచ్చాక మా అమ్మాయి, "అక్కా, ఇది తమిళ మాట కదా, కోసేసి నా గొంతుతో 'వరద' అని పెట్టనా?" అని అడిగింది. మన వెల్లువకూ ఆ వెళ్ళానికీ చుట్టరికం ఉందని చెప్పాను. అంతకంటే పెద్ద కారణం, తరాలుగా ఈ ఊళ్లో ఉన్న తెలుగు మనిషి భాష అదే. దాన్ని తీసేస్తే అవ్వ పోయి, మన అవ్వ ఎలా ఉండాలనుకున్నామో ఆ బొమ్మ మిగులుతుంది. మాట అలాగే ఉంచాం. ముందు యాంకర్ వాక్యంలో "వరద" అని ఒకసారి చెప్పాం, వినేవాళ్లకు దారి దొరికింది.

ఆ ఇంటర్వ్యూలో ఇంకొకటి జరిగింది. "నీళ్లు గడప దాటాక ఏం తీసుకున్నారు అవ్వా?" అని అడిగాక నాలుగు సెకన్ల మౌనం ఉంది. ఆ తర్వాతే "మా ఆయన ఫోటో" అంది. మౌనం కోసేస్తే ఆ జవాబుకు విలువ సగమైపోయేది. ఊపిరి చప్పుళ్లు కూడా అన్నీ తీసేయవద్దు, మనిషి మాట యంత్రం మాటలా అయిపోతుంది. మాట్లాడినవాళ్లు చెప్పని అర్థం వచ్చేలా ముక్కలు అతికించడం మాత్రం మా స్టేషన్లో ఎవరికీ అనుమతి లేదు, అది ఎంత చిన్న కోత అయినా సరే.

ఇంకో మాట. ఎక్కడ రికార్డు చేసినా, అందరూ ఆగాక ఒక నిమిషం ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. కోతల మధ్య అతుకు తెలియకుండా ఉండటానికి అది కావాలి. అవ్వ ఇంట్లో ఆ నిమిషంలో దూరంగా లోకల్ రైలు పోయింది. కార్యక్రమం దానితోనే మొదలైంది.

అపోహ: మన క్యాంపస్ రేడియో, మన ఇష్టం.

వాస్తవం: కాదు. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతే విద్యాసంస్థలకు దారి తెరుచుకుంది. మన దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో (చుట్టుపక్కలవాళ్ల కోసం నడిచే చిన్న స్టేషన్) ఇక్కడే, అన్నా విశ్వవిద్యాలయంలో, 2004 ఫిబ్రవరి 1న మొదలైన అన్నా ఎఫ్‌ఎం. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ అవకాశం ఇచ్చారు. నిబంధనలు ఉన్నాయి: యాంటెనా నుంచి వెలువడే ప్రసార శక్తికి మామూలుగా 100 వాట్ల పరిమితి, కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి, ప్రసారమైన ప్రతిదీ మూడు నెలలు దాచాలి. సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా అందించవచ్చు. వాతావరణం, ట్రాఫిక్, నీళ్లు-కరెంటు సమాచారం, పరీక్షల కబుర్లు చెప్పుకోవచ్చు.

సినిమా పాట పది సెకన్లు వాడితే తప్పులేదని పిల్లలు గట్టిగా నమ్ముతారు. మన చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఏదీ లేదు. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. సంగీతం కావాలంటే మీ హాస్టల్లో వీణ వాయించే అమ్మాయి ఉంటుంది, వాయించమని ఆమెను అడగండి.

అపోహ: చెన్నైలో తెలుగు రేడియోకి చోటు లేదు.

వాస్తవం: తెలుగు రేడియో పెరిగిన ఊళ్లలో ఇదొకటి. మద్రాసు ఆకాశవాణి కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. ఆ పదేళ్లూ ఆంధ్ర జిల్లాల రేడియోలకు తెలుగు ఇక్కడి నుంచే వెళ్లేది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్నదీ మొదట మద్రాసు కేంద్రంలోనే. మా స్టేషన్లో వారానికి అరగంట తెలుగు కార్యక్రమం ఉంది. మిగతా సమయంలో మా తెలుగు పిల్లలు తమిళ కార్యక్రమాలకు మైకు పట్టుకుంటారు, ఎడిట్ చేస్తారు. భాష పూర్తిగా రాకపోయినా చెవి ఉంటే ఆ పని వస్తుంది.

అపోహ: రేడియో అయిపోయింది, ఇది నేర్చుకుని ఏం లాభం?

వాస్తవం: ఆ అవ్వే చెప్పింది. ఆ వరదలో కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, పక్కింటివాళ్ల బ్యాటరీ రేడియో చుట్టూ పదిమంది చేరారు. ఎఫ్‌ఎంకు నెట్ అక్కర్లేదు. వినేవాళ్లు వందమందైనా లక్షమందైనా ట్రాన్స్‌మిటర్ మీద భారం పెరగదు. ఫోన్లలో ఎఫ్‌ఎం తీసేయవద్దని 2023లో కేంద్రం తయారీదారులకు సూచించిందంటే కారణం అదే. పని సంగతంటారా, ఆకాశవాణి కేంద్రాల్లో క్యాజువల్ అనౌన్సర్ల (అవసరమైన రోజుల్లో పిలిచే వ్యాఖ్యాతల) కోసం రాత పరీక్ష, స్వర పరీక్ష పెడతారు. పాడ్‌కాస్టులు, ఆడియో పుస్తకాలు, డబ్బింగ్, అన్నిటికీ ఈ పనే పునాది.

అందుకే మొదటి వారం ఎవరికీ మైకు ఇవ్వను. మాంబలం స్టేషన్ వంతెన మీద పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని నిలబడి, వినిపించినవన్నీ రాసుకు రమ్మంటాను. చాలామంది రైలు, హారను, జనం అని ఏడెనిమిది రాస్తారు. పోయిన జులైలో ఒకమ్మాయి ముప్పైరెండు రాసుకొచ్చింది. పంతొమ్మిదోది ఇది: పూలామె మూర కొలిచాక దారం పుటుక్కున తెంపిన చప్పుడు. రికార్డరు ఆమెకు ఆ సాయంత్రమే ఇచ్చేశాను.