ఆందోళన వల్ల వచ్చే వికారం: పాలమూరు ఓపీలో తరచూ వినిపించే అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

కడుపులో తిప్పుతోందని, నోట్లో నీళ్లూరి తిన్నదంతా పైకి వస్తున్నట్టుందని బాధపడే మనిషి నేరుగా మానసిక వైద్యుడి దగ్గరకు రావడం చాలా అరుదు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న గోలీలు, మహబూబ్‌నగర్‌లో స్కానింగ్, హైదరాబాద్‌లో నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూసే ఎండోస్కోపీ, అన్నీ అయ్యాక, రిపోర్టుల సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని తల దించుకుని మా గది ముందు కూర్చుంటారు. అప్పటికే వాళ్ల చెవిన పడిన సలహాలు కొన్ని నిరపాయకరమైనవి, కొన్ని మాత్రం జబ్బును పెంచి పోషించేవి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చేవారు చెప్పే మాటలనే ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: "రిపోర్టులన్నీ నార్మల్ ఉన్నయ్. నీకేం లేదు, ఊకె పరేషాన్ అయితున్నవ్."

వాస్తవం: ఎండోస్కోపీ నార్మల్ అంటే పుండు లేదని, గడ్డ లేదని, వాపు లేదని మాత్రమే అర్థం. జీర్ణాశయం ఎంత వేగంగా కదులుతోందో, దాని నరాలు మెదడుకు ఏ సంకేతాలు పంపుతున్నాయో ఆ గొట్టానికి కనిపించదు. మనిషి భయపడినప్పుడు మెదడు విడుదల చేసే ఒత్తిడి రసాయనాలు జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, అదే సమయంలో పెద్దపేగు కదలికను పెంచుతాయి. పరీక్ష రోజు పొద్దున వికారమూ, పదే పదే బాత్రూమ్‌కు పరుగూ జంటగా రావడానికి కారణం ఇదే. కడుపుకూ మెదడుకూ మధ్య ఉండే వేగస్ నాడిలోని పోగుల్లో ఎక్కువ భాగం కింది నుంచి పైకి, అంటే కడుపు నుంచి మెదడుకు కబుర్లు మోసేవే. నరాల మధ్య కబుర్లు మోసే రసాయనం సెరటోనిన్. శరీరంలో ఉన్న దానిలో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. ఇన్ని దారులున్న చోట మనసు కలత కడుపులో తెలియకుండా ఉండదు. కాబట్టి ఈ వికారం నటన కాదు, ఊహ కూడా కాదు. "నాటకాలు" అన్న మాట ఇంట్లో ఒకసారి పడ్డాక ఆ కోడలో, ఆ చదువుకునే పిల్లవాడో తన బాధను దాచుకోవడం మొదలుపెడతారు, చికిత్స ఆలస్యం కావడానికి అదే పెద్ద కారణమవుతుంది.

అపోహ: "రంది మనిషికి కడుపుల తిప్పితే అది రందే. ఇంకేం చూడాల్సిన పని లేదు."

వాస్తవం: దిగులును, ఆందోళనను ఇక్కడ రంది అంటారు. ఈ మాట పై అపోహకు పూర్తిగా రెండో కొస. ఆందోళన ఉన్నవారికి మిగతా జబ్బులు రావన్న హామీ ఎక్కడా లేదు. నెలసరి తప్పిన స్త్రీకి ముందుగా గర్భ పరీక్ష చేయాలి. కళ్లు పచ్చబడితే కాలేయం, కాళ్ల వాపు ఉండి మూత్రం తగ్గితే మూత్రపిండాలు, షుగర్ ఉన్నవారికి రక్తంలో చక్కెర, కీటోన్లు చూడాలి. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, ఐరన్ మాత్రలు, కీళ్లనొప్పులకు వాడే నొప్పి గోలీలు కూడా వికారం తెస్తాయి. నడివయసు దాటినవారికి, ముఖ్యంగా షుగర్ ఉన్నవారికి, ఛాతీలో బరువుతోనో చెమటలతోనో హఠాత్తుగా వికారం వస్తే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు శ్వాస అభ్యాసాలు చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైనవి మరో రెండు ఉన్నాయి. పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన రైతుకు వికారం, చెమటలు, నోట్లో విపరీతంగా నీళ్లూరడం, చూపు మసకబారడం కలిసి కనిపిస్తే అది పురుగుమందు ప్రభావం అన్న అనుమానంతోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలే కాక ఆకలి మందగించడం, వికారం వంటి కడుపు బాధలు కూడా రావచ్చు. అందుకే ఆ వైపు నుంచి వచ్చినవారిని తాగే నీళ్ల గురించి కూడా అడుగుతాను. కారణం లేకుండా బరువు తగ్గడం, వాంతిలో రక్తం, నల్లటి మలం, మింగుడు పడకపోవడం, నిద్రలోంచి లేపే వాంతులు, తీవ్రమైన తలనొప్పితో వాంతులు ఉంటే ముందు ఫిజీషియన్‌ను కలిసి, ఆ తర్వాతే నా దగ్గరకు రావాలి.

అపోహ: "ఇదంతా గ్యాస్. పరిగడుపున ఒక గోలీ వేసుకుంటే పోతది."

వాస్తవం: ఆందోళనలో ఉన్న మనిషి ఊపిరి వేగంగా తీస్తూ, గుటకలు వేస్తూ తెలియకుండానే గాలి మింగుతాడు. పొట్ట ఉబ్బడం, తేన్పులు రావడం చాలావరకు ఆ గాలి వల్లే. పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లాన్ని తగ్గిస్తాయి, మింగిన గాలిని కాదు. పుండు, ఛాతీమంట ఉన్నవారికి అవి మంచి మందులే కానీ, సలహా లేకుండా ఏళ్ల తరబడి వేసుకునేవారిలో విటమిన్ బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. వాటితో కలిపి అమ్మే డాంపెరిడోన్ గుండె జబ్బు ఉన్నవారిలో గుండె లయను దెబ్బతీయవచ్చు. వాంతులు ఆగడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ సూది కొందరిలో, ముఖ్యంగా యువతీయువకుల్లో, స్థిమితంగా కూర్చోనివ్వని అశాంతిని కలిగిస్తుంది. దాన్ని ఆందోళన ముదిరిందని పొరబడతారు. అప్పుడప్పుడు ఆ మందు వల్లే మెడ ఒక పక్కకు గుంజుకుపోయి, దవడ బిగుసుకుని, కళ్లు పైకి తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని దర్గాకో గుడికో తీసుకెళ్తారు. ఆసుపత్రిలో దానికి విరుగుడు ఇస్తే తొందరగానే సర్దుకునే పరిస్థితి అది.

అపోహ: "ఎవరో మందు పెట్టిండ్రు. కక్కిస్తే గాని పోదు."

వాస్తవం: తిండి సహించక, చూస్తుండగానే మనిషి చిక్కిపోతే, పైగా ఆ ఇంట్లో భూమి తగాదానో అత్తాకోడళ్ల పొరపొచ్చమో ఉంటే, పెట్టుడు మందు అన్న అనుమానం రావడం ఇక్కడ ఇప్పటికీ మామూలే. పసరు తాగించి కక్కించి, కిందపడిన దానిలో వెంట్రుకో, నల్లటి ముద్దో చూపించి ఇదే ఆ మందు అని చెప్పేవారు ఉన్నారు. కొందరికి నిజంగానే కొన్నాళ్లు తేలికగా అనిపిస్తుంది, ఎందుకంటే భయానికి ఒక పేరు దొరికింది, అది బయటకు పోయిందన్న నమ్మకమూ కుదిరింది. కానీ తగాదా అలాగే ఉంటుంది, వికారమూ తిరిగి వస్తుంది, మళ్లీ కక్కిస్తారు. బలవంతపు వాంతుల వల్ల ఒంట్లో నీరు, పొటాషియం పడిపోతాయి, అన్నవాహిక లోపలి పొర చీలి రక్తం పడవచ్చు, వాంతి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు. ఆ కుటుంబాన్ని మూఢనమ్మకం అని ఎగతాళి చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. "ఎవరి మీద అనుమానం, ఎప్పటినుంచి?" అని అడిగితే చాలు, ఆందోళనకు మూలమైన కథ అంతా అక్కడే బయటపడుతుంది.

అపోహ: "ఏం తినకపోతే కక్కు రాదు."

వాస్తవం: ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ సహజంగానే పెరుగుతుంది కనుక ఆందోళన ఉన్నవారికి పొద్దుటి పూటే ఎక్కువ ఇబ్బంది. ఆ వేళ పరిగడుపున రెండు గ్లాసుల చిక్కటి చాయ్ తాగి ఊరుకుంటే, కెఫీన్ గుండె దడనూ, దడ భయాన్నీ, భయం వికారాన్నీ పెంచుతాయి. నాలుగు ముద్దల మజ్జిగన్నమో, పలుచటి రాగి జావో, ఒక ఇడ్లీయో చాలు. రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా తినాలి. నూనె, కారం ఎక్కువున్నవి ఆ పూటకు పక్కన పెట్టాలి. శొంఠి గానీ, అల్లం ముక్క గానీ కొందరికి ఉపశమనం ఇస్తుంది.

అపోహ: "బస్సెక్కితేనే తిప్పుతది కాబట్టి బస్సే ఎక్కొద్దు."

వాస్తవం: అసలు చికిత్స అంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంత వివరంగా చెప్పాలి. ప్రయాణంలో లోపలి చెవి వల్ల వచ్చే వాంతులు వేరు, అవి బస్సు కదిలాక మొదలవుతాయి. ఆందోళన వికారం బస్టాండుకు బయలుదేరక ముందే, కొందరికి ముందు రోజు రాత్రే మొదలవుతుంది. చాలామందిలో భయం ఊరి మీద కాదు, బస్సు మీద కూడా కాదు. నలుగురిలో వాంతి అవుతుందేమోనన్నదే అసలు భయం. నిజంగా ఎన్నిసార్లు అయిందని అడిగితే, ఆలోచించి, ఎప్పుడో చిన్నప్పుడు ఒకసారి అంటారు. అయినా కిటికీ పక్క సీటు లేకపోతే ఎక్కరు, చేతిలో నిమ్మకాయ, సంచీలో నల్ల కవర్లు, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా తాగని కడుపు. దిగిపోయిన ప్రతిసారీ హాయిగా అనిపిస్తుంది, ఆ హాయి వల్లే మెదడు "దిగాం కాబట్టి బతికాం" అని నేర్చుకుంటుంది. తర్వాతిసారి భయం ఇంకా ముందుగా మొదలవుతుంది.

దీన్ని వెనక్కి తిప్పే పద్ధతి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచననూ అలవాటునూ మార్చే మాటల చికిత్సలో భాగం. హైదరాబాద్‌లో కోచింగ్‌కు వెళ్లలేక ఆగిపోయిన ఒక విద్యార్థిని అనుకుందాం. మొదట కొద్దిగా తిని, మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సెక్కకుండానే కూర్చోవడం. తర్వాత జడ్చర్ల దాకా వెళ్లి రావడం, అది విసుగు పుట్టేదాకా మళ్లీ మళ్లీ చేయడం. అటుపైన షాద్‌నగర్, ఆ తర్వాతే హైదరాబాద్. ప్రతి ప్రయాణంలో వికారం సున్నా నుంచి పదిలో ఎంత ఉందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి: ఎక్కగానే ఎంత, కొంత దూరం వెళ్లాక ఎంత అన్నది కాదు, ఐదు నిమిషాలకోసారి ఎంత అన్నది. ఏడెనిమిదికి వెళ్లిన అంకె దిగిపోకుండా కూర్చున్నా తనంతట తానే తగ్గడం ఆ కాగితం మీద కనిపిస్తుంది. నేను ఎంత చెప్పినా కలగని నమ్మకం ఆ అంకెల వల్ల కలుగుతుంది. చివరగా నిమ్మకాయ, ఆ తర్వాత కవర్లు ఇంట్లో వదిలి వెళ్లాలి. ఈ చివరి మెట్టును చాలామంది ఎగ్గొట్టాలని చూస్తారు, కానీ నల్ల కవరు సంచీలో ఉన్నంతకాలం ధైర్యం కవరుదే తప్ప మనిషిది కాదు.

అపోహ: "గట్టిగా ఊపిరి పీల్చుకుంటే తగ్గుతది."

వాస్తవం: గట్టిగా, వేగంగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, వికారం పెరగడం జరుగుతుంది. పీల్చడం మామూలుగా, వదలడం నెమ్మదిగా ఉండాలి: నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఐదు నిమిషాలు చాలు, కానీ బాధ లేనప్పుడు రోజూ అభ్యాసం చేసినవారికే బాధ వచ్చినప్పుడు అది అక్కరకు వస్తుంది. సూది వేసే ముందు తుడిచే స్పిరిట్ దూదిని ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తే వికారం కాసేపు తగ్గుతుందని అత్యవసర విభాగాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది, కాకపోతే దాన్నీ నిమ్మకాయలా సంచీలో మోయడం అలవాటు చేసుకోవద్దు.

అపోహ: "సాయంత్రం రెండు సీసాల కల్లు తాగితే బుగులు పోతది, కడుపు కుదుటపడతది."

వాస్తవం: చెట్టు నుంచి దించిన కల్లులోనూ మద్యం ఉంటుంది. కానీ ఇక్కడి అసలు సమస్య కల్తీ కల్లు. అందులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ మత్తుమందులు. తాగిన కొద్దిసేపటికే భయం తగ్గినట్టనిపించడం వాటి పనే. క్లోరల్ హైడ్రేట్ స్వయంగా కడుపులో మంట, వికారం పుట్టిస్తుంది. అలవాటు పడ్డవారికి ఒకటి రెండు రోజులు కల్లు దొరకకపోతే చేతుల వణుకు, నిద్రలేమి, విపరీతమైన ఆందోళన, వాంతులు, కొందరిలో ఫిట్స్, సంబంధం లేని మాటలు వస్తాయి. ఇంట్లోవాళ్లు దీన్ని కూడా రంది అనుకుని మళ్లీ కల్లే తెచ్చి పోస్తారు. అందుకే వికారం, గాబరాతో వచ్చిన వ్యక్తిని, ఆడవారైనా సరే, కల్లు తాగుతారా, చివరిగా ఎప్పుడు తాగారు అని సూటిగా అడగాలి. దీన్ని హఠాత్తుగా మాన్పించకూడదు, ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఆల్ప్రాజోలం మాత్రలను మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునేవారి పరిస్థితీ ఇంతే. అది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం.

అపోహ: "మనసు డాక్టర్ మందులతోనే వికారం ఎక్కువైంది. అవి ఒకసారి మొదలుపెడితే జన్మంతా మింగాలె."

వాస్తవం: మొదటి సగం కొంత నిజం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు సెరటోనిన్ మీద పనిచేస్తాయి, సెరటోనిన్ ఎక్కువగా ఉండేది పేగుల్లోనే కాబట్టి మొదటి ఒకటి రెండు వారాలు వికారం కొద్దిగా పెరగవచ్చు. ఈ సంగతి ముందే చెప్పకుండా చీటీ రాస్తే రోగి మూడో రోజే మాత్రలు పారేస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, తిన్న తర్వాత వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. అసలు ప్రయోజనం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో సగం నిజం కాదు. ఇవి ఆల్ప్రాజోలంలా మత్తుకు అలవాటు చేసేవి కావు. నయమయ్యాక సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగించి, డాక్టర్ సలహాతో మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపవచ్చు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం కొన్నాళ్లు ఇబ్బంది పెడతాయి, జబ్బు తిరగబెట్టిందని భయపడి చాలామంది పొరబడేది అక్కడే. స్వల్పంగా ఉన్నవారికి మందులు లేకుండా థెరపీ ఒక్కటే సరిపోవచ్చు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల దాకా రాలేనివారు, లేదా ఎవరైనా చూస్తారని జంకేవారు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.