ఆరు బండల లెక్క: 2012లో పెట్టిన పరిమితి ఎందుకు నిలవలేదు?

వంటగ్యాస్ వాడకానికి ఇంటింటికీ కోటా పెట్టాల్సిన రోజు వస్తుందా అన్న చర్చ మళ్లీ మొదలైంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం జరిగిన 12 రోజులూ గల్ఫ్ నుంచి ఓడలు వచ్చే హొర్ముజ్ జలసంధి మూసేస్తారేమోనని ఢిల్లీలో టెన్షనే. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సుమారు 60 శాతం దిగుమతి సరుకు. అందులో అత్యధిక భాగం ఆ ఇరుకు దారిలోంచే రావాలి. యుద్ధం ఆగింది, ఓడలు వచ్చాయి. ఆగస్టు 8న కేంద్ర కేబినెట్ పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లిచ్చే ఉజ్వల పథకం లబ్ధిదారులకు బండకు 300 రూపాయల రాయితీని మరో ఏడాది కొనసాగించింది. అయితే అంతకుముందు ఏడాదికి 12 సిలిండర్లకు ఇస్తున్న ఆ రాయితీని 9కి కుదించింది.

దాని మీద ఎక్కడా పెద్ద గొడవ జరగలేదు. 2012లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీలో పడటానికి ఇలాంటి కుదింపు కూడా ఒక కారణం. కిరోసిన్ క్యూలు, గ్యాస్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు, 1999 నాటి దీపం పథకం అందరికీ గుర్తున్నవే కాబట్టి వాటిని పక్కన పెడదాం. ఇవాళ్టి వాదన అర్థం కావాలంటే 2012 జూన్ నుంచి 2014 జనవరి వరకు ఏం జరిగిందో చూడాలి.

అప్పుడు పెట్రోలియం మంత్రి మన ఎస్. జైపాల్‌రెడ్డి. 2012 జూన్‌లో చమురు కంపెనీల చేత ఒక పోర్టల్ తెరిపించారు. ఏ వినియోగదారుడు ఏడాదికి ఎన్ని సబ్సిడీ సిలిండర్లు తీసుకున్నాడో ఎవరైనా చూసుకోవచ్చు. రెండు రోజుల్లోనే పత్రికలు పెద్దవాళ్ల చిట్టాలు బయటపెట్టాయి. కొందరు ప్రముఖుల ఇళ్ల పేరిట ఏడాదికి వందకు పైగా బండలు వెళ్లాయి. సర్కారు సొమ్ముతో చౌకైన గ్యాస్ ఎవరి వంటింట్లో ఎంత మండుతోందో జనం మొదటిసారి అంకెల్లో చూశారు. నా దృష్టిలో ఈ కథలో నిజాయితీగా జరిగిన పని ఇదొక్కటే. పంపకం గురించి మాట్లాడాలంటే ముందు ఎవరి వాటా ఎంతో బయటపడాలి.

సెప్టెంబరు 13న కేబినెట్ కమిటీ నిర్ణయం వచ్చింది. ఇంటికి ఏడాదికి ఆరు సబ్సిడీ సిలిండర్లు, ఆపైన కావాలంటే మార్కెట్ ధర. ఆ ఆర్థిక సంవత్సరంలో మిగిలిన నెలలకు మూడే. అదే రోజు డీజిల్ లీటరుకు 5 రూపాయలు పెంచారు. 20న దేశవ్యాప్త బంద్ జరిగింది. మహిళలు ఖాళీ బండలతో రోడ్ల మీదికి వచ్చారు. కేంద్ర ప్రభుత్వానికి తృణమూల్ కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకుంది.

వ్యతిరేకించినవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆరుగురున్న ఉమ్మడి కుటుంబానికీ, ఇద్దరే ఉండే ఫ్లాటుకూ ఒకటే లెక్క ఏమిటన్నారు. ఒకే ఇంట్లో రెండు కనెక్షన్లున్న కుటుంబాలు కేవైసీ పేరుతో ఏజెన్సీల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇంటి బండలు టిఫిన్ బండ్లకు బ్లాకులో తరలిపోతాయన్న భయమూ ఉంది. పరిమితి పెడితే దొంగదారి తెరుచుకుంటుందన్నది పాత అనుభవమే.

కానీ ప్రభుత్వం వైపు వాదన అప్పుడు జనానికి సరిగా చేరలేదు. అందుకు బాధ్యత చాలావరకు ప్రభుత్వానిదే. 21న ప్రధాని మన్మోహన్‌సింగ్ జాతినుద్దేశించి మాట్లాడుతూ డబ్బులు చెట్లకు కాయవన్నారు. సాయం ఎక్కువ అవసరమైన వాళ్లలో దాదాపు సగం మంది ఆరు, అంతకన్నా తక్కువ బండలే వాడుతున్నారని కూడా అదే ప్రసంగంలో చెప్పారు. మొదటి మాట దేశమంతా మోగింది. రెండోది ఎవరి చెవినా పడలేదు. సబ్సిడీ భారం ఖజానా బాధ. కోటి రూపాయల ఇల్లూ, కూలీ ఇల్లూ ఒకే కొరత సరుకును ఎలా పంచుకోవాలన్నది వేరే ప్రశ్న. ఆ రెండో ప్రశ్న వేసి ఉంటే ఆరు అనే అంకెకు న్యాయం కనిపించేది. డబ్బు లెక్కగా చెప్పడంతో అది కోతగానే మిగిలింది.

ఆ న్యాయం ఎంతో ఇప్పటి లెక్కలతో చూద్దాం. ఒక బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ఆరు బండలంటే 85 కిలోలు. దేశంలో గృహ కనెక్షన్లు ఇప్పుడు దాదాపు 33 కోట్లు. అందరికీ ఆరు చొప్పున ఇస్తే ఏడాదికి సుమారు 2.8 కోట్ల టన్నులు కావాలి. 2024-25లో దేశం మొత్తం వాడిన ఎల్పీజీ సుమారు 3.1 కోట్ల టన్నులు. హోటళ్లు, ఫ్యాక్టరీలు, వాహనాల వాడకం తీసేస్తే ఇళ్లకు వెళ్లింది దాదాపు ఆ 2.8 కోట్ల దగ్గరే తేలుతుంది. అంటే ఈ రోజు మండుతున్న గ్యాస్‌నంతా సమానంగా పంచితే ఇంటికి ఆరు బండలకు అటూఇటూగా వస్తుంది. జనం దుర్మార్గమని తిప్పికొట్టిన అంకె దాదాపు సగటు వాటాయే.

అదే పన్నెండు చొప్పున అందరూ తీసుకుంటే? 5.6 కోట్ల టన్నులు. అంత గ్యాస్ దేశంలో లేదు, కొనడానికి డాలర్లూ చాలవు. కాగితం మీద 12 బండల హక్కు అందరికీ ఇవ్వగలిగింది చాలామంది దాన్ని వాడుకోరన్న నమ్మకంతోనే.

వెనకడుగు మూడు దశల్లో పడింది. సెప్టెంబరులోనే, కాంగ్రెస్ పాలిత రాష్ట్రాలు అదనంగా మూడు బండల భారం మోస్తాయని పార్టీ ప్రకటించింది. అక్టోబరు చివర జైపాల్‌రెడ్డిని ఆ శాఖ నుంచి తప్పించారు.  వీరప్ప మొయిలీ వచ్చాక 2013 జనవరి 17న పరిమితి తొమ్మిదైంది. సరిగ్గా ఏడాదికి, 2014 జనవరి 17న, ఏఐసీసీ సమావేశంలో రాహుల్ గాంధీ వేదిక మీద నుంచే తొమ్మిది చాలవు, పన్నెండు చేయండని ప్రధానిని అడిగారు. 30న కేబినెట్ పన్నెండు చేసేసింది. సార్వత్రిక ఎన్నికలకు నెలలే ఉన్నాయి.

నా మటుకు అసలు మలుపు ఇదే. తొమ్మిది బండలతో దాదాపు 90 శాతం మందికి సరిపోతుందని అప్పుడు మంత్రిత్వ శాఖే చెప్పింది. పన్నెండుకు పెంచితే ఆ పరిధిలోకి వచ్చేది 97 శాతం. అంటే ఆ పెంపుతో లాభపడింది ఎక్కువ వాడే పదోవంతు ఇళ్లే. అందరికీ పండగ అని ప్రచారం చేసుకున్న నిర్ణయం పేదల వంటింటి దాకా రానే లేదు. ఎవరికీ తగలని పరిమితి పరిమితి కాదు. ఆ రోజుతో ఈ దేశంలో గ్యాస్ వాటా గురించి మాట్లాడటం ఆగిపోయింది.

ఆ తర్వాత పరిమితి పెట్టే పని ధర చేతికి వెళ్లింది. సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతిని 2013 జూన్‌లో మొదలుపెట్టిన తొలి జిల్లాల్లో హైదరాబాద్, రంగారెడ్డి, తూర్పుగోదావరి, చిత్తూరు, అనంతపురం ఉన్నాయి. ఆధార్ చిక్కులతో అది 2014 ఆరంభంలో ఆగి, ‘పహల్’ పేరుతో మళ్లీ వచ్చి 2015 జనవరి 1 నుంచి దేశమంతటా అమలైంది. అదే ఏడాది మార్చిలో స్తోమత ఉన్నవాళ్లు సబ్సిడీ వదులుకోవాలని ప్రధాని మోదీ పిలుపిచ్చారు. ఏడాది తిరిగేసరికి కోటి మందికి పైగా వదులుకున్నారు. కానీ వాళ్లు వదులుకుంది రాయితీ డబ్బును, గ్యాస్‌ను కాదు. 2020 వేసవి నుంచి మామూలు కనెక్షన్లకు సబ్సిడీ దాదాపు సున్నాకు వచ్చేసింది. 2023 మార్చిలో హైదరాబాద్‌లో బండ ధర 1,155 రూపాయలు.

ఈ ధర ఎవరి చెయ్యి కట్టేసిందో ఉజ్వల లెక్కలు చెబుతాయి. ఈ పథకం కింద 10 కోట్లకు పైగా కనెక్షన్లున్నాయి. ఆ ఇళ్లలో ఏడాదికి సగటు రీఫిల్స్ 2021-22లో 3.68. రాయితీ పెంచుతూ వచ్చాక 2024-25లో 4.47కు చేరింది. ప్రభుత్వం దీన్ని విజయంగా చెప్పుకుంటోంది. పెరిగిన మాట నిజమే. అయినా 4.47 అంటే 2012 నాటి ఆరు కన్నా తక్కువ. ఆరు బండలు క్రూరమని రోడ్డెక్కిన దేశంలో పది కోట్ల ఇళ్లు నాలుగున్నరతో సరిపెట్టుకుంటున్నాయి. మిగతా వంట కట్టెల మీద, పిడకల మీద. ఆ పొగ పీల్చేది ఆడవాళ్లు. వీళ్లకు ఈ నాలుగున్నర కోటా ఏ కేబినెట్టూ పెట్టలేదు కాబట్టి దాని మీద బంద్ కూడా ఉండదు. 12 నుంచి 9కి తగ్గించినా అలికిడి లేకపోవడానికి కారణం ఇదే. వాళ్లలో చాలామంది తొమ్మిది దాకా ఎప్పుడూ రాలేదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ పథకాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో చంద్రబాబు ప్రారంభించిన దీపం-2 కింద నాలుగు నెలలకొకటి చొప్పున ఏడాదికి మూడు బండలు ఉచితం. ముందు డబ్బు కట్టి తెచ్చుకుంటే రెండు రోజుల్లో ఖాతాలో పడుతుందన్నది అప్పటి ఏర్పాటు. చేతిలో ఆ డబ్బు లేని ఇంటికి పథకం అక్కడే ఆగిపోయేది. అయినా అంకె అందరికీ ఒకటే, అది మెచ్చుకోవాలి.

తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న మొదలైన 500 రూపాయల సిలిండర్ పథకంలో ఒక నిబంధన మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. రాయితీ ఎన్ని బండలకు అన్నది ఆ ఇంటి గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి నిర్ణయిస్తారు. మూడేళ్లపాటు ధరకు భయపడి మూడు బండలతో గడిపిన ఇంటికి మూడే. కొనగలిగి ఎనిమిది వాడిన ఇంటికి ఎనిమిది. దుర్వినియోగం జరగకుండా ఉండటానికేనన్నది అధికారుల వాదన. కావచ్చు. కానీ దీనివల్ల పాత లేమి కొత్త కోటా అయింది. జైపాల్‌రెడ్డి పోర్టల్‌లో ఎక్కువ వాడినవాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, ఇక్కడ తక్కువ వాడినవాళ్లు నష్టపోతున్నారు.

ఈ ప్రశ్న రావడానికి గ్యాస్ బావులు ఎండిపోనక్కర్లేదు. వంటగ్యాస్ ముడి చమురు శుద్ధిలోంచి, సహజవాయువులోంచి వచ్చే సరుకు. భూమిలో నిల్వలు తరగడానికి చాలాముందే ఒక జలసంధి మూసుకున్నా, రూపాయి పడిపోయినా కొరత వచ్చేస్తుంది. అలాంటి రోజు వస్తే ప్రభుత్వం ముందున్నవి రెండే దారులు. ధర పెంచి పేద ఇంటి బండను ఆపడం, లేదా ఇంటింటికీ లెక్క కట్టి పంచడం. రెండో దారికి 2012లో ఎదురైన గట్టి అభ్యంతరం కుటుంబం పరిమాణం. దానికి జవాబు మన రేషన్ దుకాణంలోనే ఉంది. తెలంగాణలో మామూలు రేషన్ కార్డులకు సన్నబియ్యం మనిషికి ఆరు కిలోల చొప్పున ఇస్తున్నారు, కార్డుకు ఇంతని కాదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో కార్డులో ఉంది, ఆధార్‌తో సరిచూసీ ఉంది. బియ్యాన్ని తలల లెక్కన పంచే ప్రభుత్వాలు గ్యాస్‌ను మాత్రం ఇప్పటికీ కనెక్షన్ లెక్కనే చూస్తున్నాయి.