వాటర్ స్కూటర్ల పని నేర్చుకుంటున్న పిల్లలకు

హాలియా

చిరంజీవులైన పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

నీళ్ల మీద నడిపే చిన్న మోటారు బండ్లు, ఆ వాటర్ స్కూటర్ల షెడ్డులో పనికి కుదిరారని తెలిసి సంతోషించాను. చిన్న ఆయిల్ లీకులు, వదులైన పైపులు ఎలా సరిచేయాలని అడిగారు. నా చేతికి పని వచ్చింది ట్రాక్టర్ల మీద, పొలాల్లోని ఆయిల్ ఇంజన్ల మీద. గట్టు మీది ఇంజను చుక్కలు కారుస్తూనే ఏళ్ల తరబడి నీళ్లు తోడుతుంది, ఎవరూ పట్టించుకోరు. వాటర్ స్కూటర్ అలా కాదు. దాని ఇంజను మూసి ఉన్న పడవ అడుగున కూర్చుంటుంది. నూనె కారినా, నీళ్లు కారినా, పెట్రోలు కారినా అన్నీ అక్కడే చేరతాయి.

కాబట్టి పానా పట్టే ముందు సీటు ఎత్తి కాసేపు గాలి ఆడనివ్వండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, అడుగున పేరుకుంటుంది. స్టార్టర్ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. వాసన తగిలితే స్టార్ట్ బటన్ జోలికి పోవద్దు, ముందు పెట్రోలు ఎక్కడ కారుతోందో వెతకండి. చెయ్యి లోపల పెట్టేటప్పుడు ఇంజను ఎవరూ స్టార్ట్ చేయకుండా, తాడుకున్న తాళం తీసి మీ జేబులో వేసుకోండి.

ఇక ఆయిల్. నూనె కనిపించిన చోటే లీకు ఉందనుకుని అక్కడి బోల్టు బిగించేవాళ్లను చాలామందిని చూశాను. నూనె కిందికి జారుతుంది, ఇంజను ఊపుకు పక్కలకు పాకుతుంది. అందుకే తడి మొదలైన చోటు పైన ఎక్కడుందో చూడాలి. ఇంజను చల్లారాక జిడ్డు పోయేలా శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. అనుమానమున్న చోట ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. కొద్దిసేపు ఇంజను నడిపి ఆపితే తెల్లటి పొడి మీద నూనె దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఎక్కువసార్లు అది ఫిల్టర్ రబ్బరు రింగు దగ్గరో, రెండు భాగాల మధ్య పెట్టే పలుచని గాస్కెట్ అంచునో, ఆయిల్ ట్యాంకు గొట్టం దగ్గరో తేలుతుంది. గట్టిపడిన రింగును ఎంత బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే. అల్యూమినియంలో దిగిన బోల్టును బలం కొద్దీ బిగిస్తే మరలు పోయి పది రూపాయల వాషరు పని పెద్ద ఖర్చు అవుతుంది.

ఆయిల్ ఇంజను లోపలే తిరిగే ఫోర్ స్ట్రోక్ బండిలో నూనె కనిపించినా ఒక్కోసారి అసలు లీకే ఉండదు. ఆయిల్ ఎక్కువ పోయడం వల్ల అది ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే శ్వాస గొట్టం గుండా, ఇంజనుకు గాలి అందించే పెట్టెలోకి ఎక్కుతుంది. మట్టం ఎలా చూడాలో ఆ బండి పుస్తకంలో చదివి అలాగే చూడండి. ఆయిల్ పాల రంగుకు తిరిగిందంటే లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం. అది మీ స్థాయి పని కాదు, మేస్త్రీని పిలవండి.

పైపుల విషయం ఇంకొంచెం ఓపికగా వినండి. మన నల్లగొండ ఎండలో ఒడ్డున పడి ఉన్న బండికి రబ్బరు త్వరగా బిరుసెక్కుతుంది. ప్రతి పైపునూ చివర దగ్గర వంచి చూడండి. సన్నని పగుళ్లు కనిపిస్తే క్లిప్పు బిగించి సరిపెట్టుకోవద్దు. పగిలిన చివర కోసేశాక పొడవు మిగిలితే సరే, లేకుంటే కొత్తది వేయండి. స్క్రూ క్లిప్పును అతిగా బిగిస్తే రేకు అంచు రబ్బరును కోస్తుంది. సన్నని పైపులకు స్ప్రింగు క్లిప్పే నాకు నచ్చుతుంది, రబ్బరు కాస్త కుంచించుకున్నా అది పట్టు వదలదు.

చాలా బండ్లలో ఇంజనును చల్లబరిచే నీళ్లు బయటి నుంచే వస్తాయి. ఆ పైపు ఊడితే నీళ్లన్నీ పడవలోనే పడతాయి. ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోయే పాత టూ స్ట్రోక్ బండిలో అంతకంటే ప్రమాదకరమైనది సన్నని ఆయిల్ పైపు. అది వదులై గాలి పీలిస్తే నూనె అందక పిస్టన్ పట్టేస్తుంది. ఆ పైపు మార్చినప్పుడు పంపు దగ్గరి స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా గాలి తీయడం మరవకండి.

పని అయ్యాక ఒడ్డునే కుళాయి పైపు తగిలించి పరీక్షిస్తారు కదా. బయటి నీటితో చల్లబడే బండికి ముందు ఇంజను, తరువాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తరువాత ఇంజను. ఈ వరుస తప్పితే పొగ గొట్టం గుండా నీళ్లు సిలిండర్లోకి చేరతాయి.

అడుగున మిగిలిన నూనె నీళ్లను వెనుక ప్లగ్గు విప్పి జలాశయంలోకి వదిలితే మాత్రం నేను ఊరుకోను. మీరు బాగుచేసిన బండి సాగర్‌లో దిగినా, కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర దిగినా అది కృష్ణ నీరే. ఫ్లోరైడుతో కాళ్లు వంకరపోయిన మర్రిగూడ వైపు ఊళ్లకు తాగునీరు ఆ నదే, హైదరాబాదు కుళాయిల్లో వచ్చే నీళ్లలోనూ పెద్ద భాగం అదే. నూనెను పాత గుడ్డలతో పీల్చి డబ్బాలో వేయండి. తీసిన ఆయిల్‌ను వేరే క్యానులో పోసి, వాడిన ఆయిల్ కొనడానికి అనుమతి ఉన్నవారికే ఇవ్వండి.

పైపు అక్కడ దొరక్కపోతే లోపలి వ్యాసం కొలిచి రాయండి, బయటిది కాదు. అది నీళ్లదా, పెట్రోలుదా, ఆయిల్‌దా అన్నది కూడా రాయాలి. నీళ్ల పైపు పెట్రోలుకు ఉబ్బిపోతుంది. మిర్యాలగూడ వెళ్లినప్పుడు తెచ్చి పంపుతాను.

మీ పెదనాన్న