జెంగ్ హె దారిలో మళ్లీ వెళ్లాలంటే

1405 నుంచి 1433 దాకా మింగ్ వంశం ఏలిన చైనా నౌకాదళం ఏడుసార్లు పడమటి సముద్రాలకు వెళ్లింది. దాని నాయకుడు జెంగ్ హె యున్నాన్‌లో పుట్టిన ముస్లిం. చిన్నప్పుడే మింగ్ సైన్యానికి బందీగా చిక్కాడు. బీజాలు తీసి ఓ రాకుమారుడి కొలువులో పెట్టారు. ఆ రాకుమారుడే తర్వాత యోంగ్లె చక్రవర్తి అయ్యాడు. మొదటి యాత్రకే 27 వేల మందికి పైగా బయల్దేరారు. అంత పెద్ద వ్యవహారానికి అధికారిక యాత్రా పత్రాలు మిగల్లేదు. దొరికేవాటిలో ముఖ్యమైనవి 1431లో ఛాంగ్‌లెలో నిలిపిన శాసనం, శ్రీలంకలోని గాలెలో బయటపడిన 1409 నాటి చైనీస్-తమిళ-పర్షియన్ శాసనం, దుబాసీగా వెళ్లిన మా హువాన్ రాతలు, 17వ శతాబ్దపు సైనిక గ్రంథం ‘వూబెయ్ జీ’లో అచ్చయిన ఆ యాత్రల దారి పటం.

వీటన్నిటికన్నా అక్కరకొచ్చేది ఏడో యాత్ర తేదీల పట్టిక. చూ యున్‌మింగ్ అనే మింగ్ రచయిత తన పుస్తకంలో ఎక్కించుకోబట్టి బతికింది. 1432 జనవరి 12న ఫుజియన్ తీరం వదిలిన ఓడలు 15 రోజుల్లో చంపా (నేటి మధ్య వియత్నాం) చేరాయి. మార్చి 7కి జావాలోని సురబయ. అక్కడ లంగరెత్తింది జూలై 13న! మలక్కాలో మరో నెల, సుమత్రా ఉత్తర కొసన సెముదెరలో 51 రోజులు. నవంబర్ 2న కదిలి 28కి సింహళం, డిసెంబర్ 10కి కాలికట్, 1433 జనవరి 17కి పర్షియన్ గల్ఫ్ ముఖద్వారంలోని హోర్ముజ్. పోవడానికి ఏడాది పైన ఐదు రోజులు పడితే, మార్చి 9న వెనుదిరిగిన ఓడలు జూలై 7కల్లా చైనాలో ఉన్నాయి.

అంతా గాలి చేసిన పని. చలికాలపు ఈశాన్య గాలి చైనా నుంచి దక్షిణానికి దించుతుంది. కానీ ఆ నెలల్లో జావా దగ్గర వీచేది పడమటి గాలి, మలక్కా వైపు ఎదురు. ఆగ్నేయపు గాలి స్థిరపడేదాకా ఆగాలి. సుమత్రా నుంచి సింహళానికి దాటాలంటే మళ్లీ ఈశాన్యం మొదలవ్వాలి. రాకలో ఈ చిక్కులు తక్కువ, వేసవిలో మొదలయ్యే నైరుతి చైనా దాకా తోస్తుంది. ఇంజన్ వేసుకుని నెలన్నరలో రేవులన్నీ చుట్టివస్తే అది ఆ రేవుల పర్యటన అవుతుందే తప్ప జెంగ్ హె ప్రయాణం కాదు.

‘వూబెయ్ జీ’ పటం విషయంలో తొందరపడితే మోసపోతాం. అందులో ఉత్తరం పైన ఉండదు, తీరం కాగితపు చుట్ట విప్పినట్టు సాగిపోతుంది. దిక్కులు 24, ఒక్కోటి 15 డిగ్రీలు. పక్కపక్క దిక్కులు రెండిటిని కలిపి చెబితే వాటి నడిమి దిశ. దూరం ‘గెంగ్’లలో ఉంటుంది. రోజులో పదో వంతు, మన లెక్కలో సరిగ్గా ఆరు ఘడియలు. అది కాలమానం కాబట్టి గాలి పడిపోయినా ప్రవాహం ఎదురొచ్చినా దూరం మారిపోతుంది. పైగా దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం ఈ ఆరువందల ఏళ్లలో ఒకే చోట లేదు.

పెద్ద పొరపాటు ధ్రువనక్షత్రం దగ్గర జరుగుతుంది. హిందూ మహాసముద్రం దాటేటప్పుడు పటం ఆ నక్షత్రం ఎత్తును ‘వేళ్ల’లో, అంటే వేలి వెడల్పుల లెక్కన ఇస్తుంది; ఓడ ఎంత ఉత్తరాన ఉందో తెలిసేది ఆ ఎత్తుతోనే. ఇప్పుడది ధ్రువానికి ఒక డిగ్రీ లోపే ఉంది, జెంగ్ హె నాటికి దాదాపు నాలుగు డిగ్రీలు ఎడంగా తిరిగేది. ఒక్కో డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. నాటి కొలతను నేటి ఆకాశానికి సవరించకుండా వాడితే ఓడ వందల కిలోమీటర్లు పక్కకు పోతుంది.