"సార్, పరగడుపునే వచ్చాను!"

బ్లడ్ బ్యాంకులో పొద్దున పూట నేను ఎక్కువగా వినే మాట ఇదే. అదీ ఏదో ఘనకార్యం చేసినట్టు చెబుతారు: "మంచినీళ్ళు కూడా ముట్టలేదు సార్." షుగర్ టెస్టుకు పరగడుపున వెళ్ళాలి కదా, రక్తం ఇవ్వడానికీ అంతే అనుకుంటారు. కాదు బాబూ. అక్కడ తీసేది ఓ చిన్న ట్యూబులో పట్టేంత. ఇక్కడ తీసేది 350 మిల్లీలీటర్లు.

గుంటూరులో పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. రక్తదానం మీద ఉన్న అపోహల్లో అన్నిటికన్నా నష్టం చేసేది ఇదేనని నా లెక్క. ఖాళీ కడుపుతో ఇచ్చినవాడు కళ్ళు తిరిగి పడతాడు. పడినవాడు మళ్ళీ రాడు, చూసిన నలుగురు స్నేహితులూ రారు. "రక్తం ఇస్తే మనిషి గుల్లయిపోతాడు" అన్న మాట మాత్రం వీధంతా తిరుగుతుంది.

ఒక మే నెలలో కాలేజీ క్యాంపు పెట్టాం. బయట ఎండ మాడ్చేస్తోంది. ఇంజనీరింగ్ కుర్రాడొకడు వచ్చాడు, మంచి ఒడ్డూ పొడుగూ. "టిఫిన్ చేశావా?" అంటే తలూపాడు. నేనూ రెట్టించి అడగలేదు, తప్పు నాదే. ఆ రోజు శనివారం. వెంకటేశ్వరస్వామికి ఉపవాసం, పొద్దుటి నుంచి ఓ కాఫీ మీద ఉన్నాడట. బ్యాగ్ నిండేదాకా నవ్వుతూ కబుర్లు చెప్పాడు. జ్యూస్ వద్దని, స్నేహితుల ముందు హుషారుగా లేచి వెళ్ళి, మెట్ల మీద కూలబడ్డాడు. తెనాలి నుంచి వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి, "నా బిడ్డ రక్తమంతా పీల్చేశారు కదయ్యా" అని ఏడ్చింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మంచం మీద పాలిపోయిన కొడుకుని చూస్తే ఏ తల్లయినా అదే అంటుంది.

అరవై కిలోల మనిషిలో రక్తం నాలుగు లీటర్ల పైనే ఉంటుంది. మేం తీసేది అందులో పదో వంతు కూడా కాదు. అబ్బాయి పడింది రక్తం అయిపోయి కాదు. భయం, నిద్ర చాలకపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, ఖాళీ కడుపు, ఇవి కలిస్తే నరాలు ఒక్కసారిగా గుండె వేగాన్ని తగ్గించేస్తాయి. రక్తం కాళ్ళలోకి దిగుతుంది, బీపీ పడిపోతుంది, తలకు చాలదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే కాసేపట్లో లేచి కూర్చుంటారు. ఆ అబ్బాయీ లేచాడు. మొదటిసారి ఇచ్చేవాళ్ళలో, సన్నగా ఉన్నవాళ్ళలో ఇది కాస్త ఎక్కువ.

కాబట్టి తిని రండి. రావడానికి రెండు మూడు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో తినండి. తినమన్నానని కడుపు నిండా బిర్యానీ లాగించి రావద్దు. నూనె, నెయ్యి ఎక్కువైతే ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, పాలలా తెల్లబడి వాడటానికి పనికిరాకుండా పోవచ్చు. సూది గుచ్చే ముందు అర లీటరు నీళ్ళు తాగండి, ఉప్పేసిన మజ్జిగైతే ఇంకా మంచిది. పడుకున్నప్పుడు కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసి తొడలు బిగించి వదులుతూ ఉండండి. చూడటానికి తమాషాగా ఉంటుంది కానీ బీపీ పడిపోకుండా ఆపుతుంది. ఉపవాసం ఉన్నారా, మర్నాడు రండి. దేవుడూ ఏమీ అనుకోడు, మేమూ అనుకోం.

ఇచ్చాక చేయాల్సింది కూడా మొదటి పావుగంటలోనే ఉంది. గబుక్కున లేవకండి, ముందు కూర్చోండి. బిస్కెట్, జ్యూస్ ఇచ్చేది మర్యాద కోసం కాదు, తినండి. ఆ పావుగంట మా కళ్ళ ముందే ఉండండి. వెంటనే బండెక్కి ట్రాఫిక్‌లో దూరే హీరోలున్నారు. కళ్ళు తిరిగేది ఒక్కోసారి అరగంట తర్వాత. సిగరెట్ కాసేపు, మందు ఆ రోజంతా మానండి. సూది గుచ్చిన చేత్తో గ్యాస్ బండలు ఎత్తకండి. ప్లాస్టర్ నాలుగైదు గంటలు ఉంచండి. మోచెయ్యి మడవకుండా చాచి, దూది మీద గట్టిగా నొక్కితే కమలదు. కమిలి నీలంగా అయినా కంగారు పడొద్దు, పచ్చబడి వారం పది రోజుల్లో పోతుంది.

ఇక బీట్‌రూట్. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందట! ఆ ఎరుపు రంగే గానీ ఐరన్ కాదు. తాగితే తాగండి, తప్పులేదు. రక్తంలో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది, ఎర్రకణాలకు కొన్ని వారాలు పడుతుంది, ఐరన్ నిల్వలకు ఇంకా ఎక్కువ. అందుకే మళ్ళీ ఇవ్వడానికి మగవాళ్ళకు 90 రోజులు, ఆడవాళ్ళకు 120 రోజులు గడువు. ఐరన్ కోసం, మాంసం తినేవాళ్ళకు మేక కార్జం, తిననివాళ్ళకు తోటకూర పప్పులో పిండిన నిమ్మకాయ, సజ్జ రొట్టె. అన్నం తినగానే టీ తాగితే మాత్రం ఆ ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. అదొక్కటీ మానరు మనవాళ్ళు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బీపీ మాత్రలు వాడుతూ బీపీ అదుపులో ఉంటే ఇవ్వొచ్చు. షుగర్‌కు మాత్రలైతే సరే, ఇన్సులిన్ అయితే వద్దు. టాటూ వేయించుకుంటే ఏడాది ఆగండి. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. తక్కువుందని వెనక్కి పంపితే అవమానం అనుకోకండి, డాక్టరుకు చూపించుకోండి. ఒళ్ళొస్తుందా, మగతనం తగ్గుతుందా అని చెవిలో అడిగేవాళ్ళకు ఒకటే జవాబు: రాదు, తగ్గదు.

ఒక్క విషయం ఎవరూ అడగరు. రక్తం ఇచ్చిన వారం పది రోజుల్లో జ్వరం వస్తే మాకు ఫోన్ చేయండి. ఎర్రకణాల బ్యాగ్ ఫ్రిజ్‌లో ఐదారు వారాల దాకా నిలవుంటుంది. ఆ జబ్బు మీ రక్తంలోనూ ఉండొచ్చు కాబట్టి, ఇంకా ఎవరికీ ఎక్కించకపోతే పక్కన పెట్టేస్తాం. మిమ్మల్ని ఎవరూ తిట్టరు.