పక్షవాతం తర్వాతి దిగులు: మెదడులో దాని జాడ కోసం సాగుతున్న వెతుకులాట

పక్షవాతం వచ్చి రెండు నెలలైంది. పడిపోయిన కాలు మెల్లగా మాట వింటోంది, చెయ్యి భుజం దాకా లేస్తోంది. స్కాన్ చూసిన డాక్టర్ బాగానే కోలుకుంటున్నారని చెప్పారు. ఆ మనిషి మాత్రం ఫిజియోథెరపిస్ట్ వచ్చే వేళకి మొహం గోడవైపు తిప్పేసుకుంటున్నాడు. రాత్రుళ్లు నిద్ర లేదు, తిండి సయించడం లేదు. ఏమైందని అడిగితే చెప్పలేడు, స్ట్రోక్‌తో పాటే మాటా పోయింది. "ఇంత కష్టం వచ్చాక దిగులు పడక ఏం చేస్తారు పాపం" అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పుకుంటారు.

ప్రేమతో అన్న మాటే అది. కానీ దశాబ్దాల పాటు వైద్యులు కూడా ఆ మాట దగ్గరే ఆగిపోవడం వల్ల ఎంతోమందికి చికిత్స అందలేదు. స్ట్రోక్ తర్వాత ఐదేళ్ల లోపు ఎప్పుడు పరీక్షించినా దాదాపు 31 శాతం మందిలో డిప్రెషన్ కనిపిస్తోందని 2014లో 61 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. అంటే ముగ్గురిలో ఇంచుమించు ఒకరు. డిప్రెషన్ పట్టుకున్నవాళ్లు వ్యాయామాల మీద ఆసక్తి కోల్పోతారు, కోలుకోవడం మందగిస్తుంది, వాళ్లలో మరణాలూ ఎక్కువే. అందుకే ఈ దిగులు జరిగిన నష్టాన్ని తలచుకుని వచ్చిందా, లేక దెబ్బతిన్న మెదడు నుంచే పుట్టుకొచ్చిందా అన్న ప్రశ్న ఇంతకాలంగా వైద్యులను వదలడం లేదు.

పక్షవాతానికీ భావాలు అదుపు తప్పడానికీ సంబంధం ఉందని మొదట గమనించినవాళ్లలో చార్లెస్ డార్విన్ ఒకరు. మనుషుల్లో, జంతువుల్లో భావాలు ఎలా బయటపడతాయో వివరిస్తూ 1872లో వేసిన పుస్తకంలో, ఒకవైపు శరీరం పడిపోయే పక్షవాతం లాంటి మెదడు జబ్బుల్లో ఏడుపు తొందరగా వస్తుందని ఆయన రాశారు. 1924లో లండన్ న్యూరాలజిస్ట్ కిన్నియర్ విల్సన్ దీన్ని ఇంకాస్త లోతుగా చూశారు. కొందరు రోగులు లోపల బాధ లేకుండానే వెక్కివెక్కి ఏడుస్తారు, నవ్వు రాకపోయినా పగలబడి నవ్వుతారు. లోపలి భావానికీ, దాన్ని బయటపెట్టే యంత్రాంగానికీ మధ్య పట్టు తప్పినప్పుడు ఇలా జరుగుతుందని ఆయన వాదన. మనవరాలు గదిలోకి రాగానే తాత భోరున ఏడ్చేస్తే ఆయనకు అంత దుఃఖం ఉందని చూసేవాళ్లు అనుకుంటారు. కాస్త ఆగి అడిగితే "నాకు ఏడుపేం లేదు, అదే వచ్చేస్తోంది" అంటాడు. డిప్రెషన్ వేరు, ఇది వేరు. ఈ తేడా ఇప్పటికీ చాలామందికి తెలియదు. తెలియక, ఏడుస్తున్నారన్న సిగ్గుతో మనుషుల మధ్యకి రావడమే మానేసిన రోగులు ఉన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన జర్మన్ సైనికులకు చికిత్స చేసిన కర్ట్ గోల్డ్‌స్టీన్ ఇంకోటి గమనించారు. చిన్న లెక్కో, తేలిక పనో ఇస్తారు. అది చేతకాదని తెలిసిన మరుక్షణం ఆ సైనికుడికి చెమటలు పడతాయి, కోపం, కన్నీళ్లు ఒక్కసారిగా ముంచుకొస్తాయి. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్నవాడే కుప్పకూలిపోతాడు. 1972లో ఇటలీకి చెందిన గ్వీడో గైనోట్టి మెదడులో ఒక పక్కే దెబ్బతిన్న 160 మందిని పరిశీలించారు. ఇలా కుప్పకూలడం ఎడమ మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువ. కుడివైపు దెబ్బతిన్నవాళ్లు కొందరు తమకేమీ కానట్టు, కాస్త సరదాగా కూడా ఉన్నారు. అంతకుముందే శస్త్రచికిత్సల ముందు చేసే వాడా పరీక్షలో, ఒక పక్క మెదడును మత్తుమందుతో కాసేపు నిద్రపుచ్చినప్పుడు, ఎడమవైపు మత్తు ఇస్తే ఏడుపు, కుడివైపు ఇస్తే ఉల్లాసం వస్తున్నాయని ఇటలీ వైద్యులు రాశారు. అందరికీ ఇదే ఫలితం రాలేదు. అయినా ఎడమ మెదడుకీ మనసు కుంగిపోవడానికీ ఏదో లంకె ఉందన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

నా లెక్కలో అసలు మలుపు 1977లో వచ్చింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో మార్షల్ ఫోల్‌స్టీన్ బృందం 20 మంది స్ట్రోక్ రోగులను, ఎముకల సమస్యలతో మంచం పట్టిన 10 మందిని పోల్చి చూసింది. రెండు గుంపుల్లోనూ వైకల్యం ఇంచుమించు సమానమే, లేవలేకపోవడం, ఇతరుల మీద ఆధారపడడం ఒక్కటే. దిగులు పోగొట్టుకున్నదాన్ని తలచుకునే వస్తుందంటే రెండు గుంపుల్లోనూ సమానంగా ఉండాలి. కానీ స్ట్రోక్ రోగుల్లో 45 శాతం మందికి డిప్రెషన్ ఉంటే, ఎముకల రోగుల్లో 10 శాతం మందికే ఉంది. చిన్న అధ్యయనమే, పైపై లెక్కే. అయినా "ఎవరికైనా దిగులుండదా" అన్న పాత సమాధానం సరిపోదని అంకెల్లో చూపించింది.

దాని తర్వాత అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ రాబిన్సన్ పేరు వినిపించింది. 1979లో ఎలుకల మెదడులో కుడివైపు గాయం చేస్తే అవి విపరీతంగా తిరుగుతున్నాయనీ, మెదడు కణాల మధ్య కబురు మోసే నోర్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనం తగ్గుతోందనీ, ఎడమవైపు చేస్తే ఆ మార్పు రావడం లేదనీ ఆయన చూపించారు. అంటే గాయం ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి తేడా వస్తోందన్నమాట. 1984లో మనుషుల మీద వేసిన పత్రంలో, గాయం ఎడమ మెదడు ముందుభాగం కొసకు ఎంత దగ్గరగా ఉంటే డిప్రెషన్ అంత తీవ్రంగా ఉంటోందని రాశారు. ఒక్కసారిగా ఆశ పుట్టింది. స్కాన్‌లో మచ్చ ఎక్కడుందో చూసి, ఎవరికి దిగులు పట్టబోతోందో ముందే చెప్పేయొచ్చు కదా అనుకున్నారు. ఆ ఆశ పదిహేనేళ్లు నిలిచింది. 2000లో 35 అధ్యయనాలను కలిపి విశ్లేషించిన బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో తేల్చిందేమిటంటే, గాయం ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి డిప్రెషన్ ముప్పు మారుతోందని ఆధారాలు నిలబడడం లేదు.

ఈలోపు ఇంకోదారి నడిచింది, అది ఈఈజీ, అంటే తల మీది నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్ష. జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేసి 1929లో ప్రచురించారు. కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలను మొదట చూసింది ఆయనే. ఇప్పటికీ పరీక్ష అలాగే మొదలవుతుంది. తల మీద జెల్ రాసి, వైర్లున్న టోపీ పెట్టి, కళ్లు మూసుకోమంటారు. ఆల్ఫా పెరిగిందంటే అక్కడి కణాలు తీరిగ్గా ఉన్నాయని, తగ్గిందంటే పనిలో ఉన్నాయని లెక్క. 1980ల్లో అమెరికాలో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం ముందుభాగంలో రెండు పక్కల ఆల్ఫాను పోల్చి, డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఎడమవైపు చురుకుదనం తక్కువని చెప్పింది. 1991లోనూ అదే ఫలితం వచ్చింది. గైనోట్టి మాటకూ రాబిన్సన్ మాటకూ ఇది చక్కగా అతికినట్టు కనిపించింది.

చిక్కు ఇక్కడే ఉంది. స్ట్రోక్ రోగి మెదడులో రెండు పక్కలు ముందే సమానంగా లేవు. దెబ్బతిన్న చోట నెమ్మదిగా ఊగే డెల్టా తరంగాలు పెరుగుతాయి, చుట్టుపక్కల ఆల్ఫా పడిపోతుంది. అలాంటప్పుడు ఎడమ, కుడి ఆల్ఫా తేడా కనిపిస్తే అది దిగులు జాడా, గాయం జాడా? ఆరోగ్యంగా ఉన్న మెదడులోనే ఆ కొలత అంత గట్టిగా నిలబడలేదు. 2017లో వచ్చిన పెద్ద విశ్లేషణ, డిప్రెషన్‌ను నిర్ధారించడానికి ఈ అసమానత పెద్దగా ఉపయోగపడదని తేల్చింది. అందుకే ఇప్పుడు పరిశోధకులు ఒక్క తేడా మీద ఆధారపడకుండా, వేర్వేరు భాగాల తరంగాలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి నడుస్తున్నాయో చూస్తున్నారు.

అదే ఆలోచన స్కాన్లలోనూ వచ్చింది. 2019లో అమెరికా న్యూరాలజిస్ట్ మైఖేల్ ఫాక్స్ బృందం మెదడు గాయాలున్న 461 మంది సమాచారాన్ని చేర్చి చూసింది. డిప్రెషన్ వచ్చినవాళ్ల గాయాలు ఏదో ఒకే చోట కుప్పగా లేవు. కానీ ఆ చోట్లన్నీ ఒకే వలయానికి కలుస్తున్నాయి, అందులో ముఖ్యమైన కూడలి ఎడమ ముందుభాగంలో ఉంది. ఆ పక్కకే అయస్కాంత తరంగాలతో ఇచ్చే డిప్రెషన్ చికిత్సకు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. రాబిన్సన్ పూర్తిగా తప్పు కాదనీ, లాన్సెట్ విశ్లేషణా తప్పు కాదనీ ఇది చెబుతోందని నాకనిపిస్తుంది. ఊరికి వెళ్లే దారి ఎక్కడ తెగినా బస్సు ఆగుతుంది, తెగిన చోటు ఒకటే కానక్కర్లేదు.

ఇంతకీ ముందే తెలిస్తే ఏం చేస్తారు? అందరికీ ముందుగానే మందు ఇచ్చేద్దామా అని కూడా చూశారు. బ్రిటన్‌లో 3,127 మందికి ఆరు నెలలు డిప్రెషన్ మందు ఫ్లూయోక్సెటీన్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. కొత్తగా డిప్రెషన్ రావడం 17 శాతం నుంచి 13 శాతానికి తగ్గింది, కానీ ఎముకలు విరగడం దాదాపు రెట్టింపైంది, చేతికాళ్ల పనితీరులో మార్పేమీ లేదు. అందరికీ ఇవ్వడం కుదరదు, ఎవరికి అవసరమో తెలియాలి. అందుకే ఆ జాడకు అంత విలువ.

ముఖ్యంగా మాట పోయినవాళ్లకి. మామూలు ప్రశ్నపత్రంలో "ఈ రెండు వారాల్లో ఆశ లేదనిపించిందా" అని అడుగుతారు. ప్రశ్న అర్థం కానివాళ్లు, అర్థమైనా జవాబు చెప్పలేనివాళ్లు దాంట్లో ఎక్కడా కనిపించరు, చాలా అధ్యయనాలు వాళ్లని తీసేసే లెక్కలు కట్టాయి. 1998లో ఇంగ్లండ్‌లో వీళ్ల కోసమే ఒక పట్టిక తయారు చేశారు. రోగిని అడగరు, దగ్గరున్నవాళ్లనే అడుగుతారు. ఈ వారం ఏడ్చారా, కళ్లలోకి చూడడం మానేశారా, రాత్రి నిద్రపట్టక దొర్లారా, పలకరిస్తే తప్పించుకుంటున్నారా? ఈఈజీలో ఏదైనా నమ్మకమైన గుర్తు దొరికేదాకా, మాట పోయిన మనిషి దిగులును డాక్టర్ ముందు పెట్టేది ఆ మంచం పక్కన కూర్చుని పట్టికలో గుర్తులు పెట్టేవాళ్లే.